బండి కొనేదెవరు, తోసేదెవరు



ఈసారి ఒక బండి గురించి రాస్తున్నాను. పసిబిడ్డని పడుకోబెట్టి తోసుకుని పొయ్యే బండి. ప్రామ్ అంటారు, స్ట్రోలర్ అంటారు, మా గల్లీలో అయితే 'బేబీ బండి' అంటే చాలు. ఇంత చిన్న విషయానికి ఇంత ముచ్చటా అనుకోవద్దు. మన ఇళ్ళల్లో పెద్ద పెద్ద జగడాలన్నీ చిన్న సామాన్ల దగ్గరే మొదలవుతాయి.

మా చిన్నదానికి ఏడో నెల నిండింది. సత్వాసా రస్మ్ నలుగురితో సాదాగా చేసుకుని అమ్మాయిని నెల్లూరుకి తెచ్చుకున్నాం. మొదటి కాన్పు మైకాలో జరగడం మన రివాజు. వచ్చిన మూడో రోజు మా సమ్‌ధన్, అంటే అమ్మాయి అత్తగారు, ఫోన్ చేశారు. సలాములు, ఖైరియత్‌లు అయినాక అసలు మాట వచ్చింది. "ఛిల్లా అయినాక పంపేటప్పుడు ఝూలాతో పాటు బండి కూడా పెడతారు గదా ఆపా. మా పెద్ద కోడలి వాళ్ళు పెట్టారు. మీరు పెట్టకపోయినా మేమేం అనుకోంలే. ఊరికే చెప్తున్నా."

ఫోన్ పెట్టేసిన ఐదు నిమిషాలకి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. బూడిద రంగు బండి, నాలుగు పెద్ద చక్రాలు, కింద సామాన్ల బుట్ట, పైన గొడుగు. కింద ధర 18,500 రూపాయలు.

ఆడపిల్లల్ని కన్నవాళ్ళకి 'మేమేం అనుకోంలే' అనే మాటకి అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు. మా ఆయన ఫోటో చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. "సైకిలు కంటే ఎక్కువుందే" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు. ఆ రోజు రాత్రి ఆయన మిద్దె మీద చాలాసేపు పచార్లు చేశారు.

నేను పుట్టినప్పుడు మా నానీ వాళ్ళు ఇచ్చింది ఒక టేకు ఝూలా, కాళ్ళకి చాందీ గొలుసులు, రెండు జతల కుర్తా టోపీలు, ఒక ఉగ్గు గిన్నె. మా ఝూలాలో పరుపు మా గల్లీ నూర్‌బాషా చాచా ఏకిన దూదితో కుట్టింది. ఇదంతా జహేజ్ కాదా అంటే, అదీ ఒక రకం జహేజే. కానీ దానికి ఒక హద్దు ఉండేది, అందరికీ ఒకే జాబితా ఉండేది, పేదింటి నానా చీర ఉయ్యాల కట్టి బిడ్డని పంపినా ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆ జాబితాకి తోక పెరుగుతా ఉంది. ముందు ప్లాస్టిక్ బాత్‌టబ్ వచ్చింది, తర్వాత దోమతెర పరుపు, తర్వాత వాకరు, ఇప్పుడు ప్రామ్. రేపు ఏ సీసీ కెమెరానో వస్తుంది, పడుకున్న బిడ్డని ఫోన్‌లో చూసుకోడానికి.

ఈ బండి మన గల్లీల్లోకి వచ్చిన దారి నాకు గుర్తుంది. మన నెల్లూరు నుంచి, పక్కన కడప నుంచి, ఎంతమంది కువైట్‌కీ సౌదీకీ పోయారు! సెలవుకి వచ్చేటప్పుడు దుప్పట్లు, అత్తరు, పాలపొడి డబ్బాలతో పాటు ఒక అట్టపెట్టెలో ఈ బండి దిగేది. అక్కడ మాల్‌లో నున్నటి గచ్చు మీద అది నీళ్ళ మీద పడవలాగా పోతుంది. ఇక్కడికొచ్చాక వారం రోజులు వీధి పిలకాయలందరినీ ఎక్కించి తిప్పేవాళ్ళు, తర్వాత మిద్దె మెట్ల కింద పెట్టేవాళ్ళు. మా వెనకింట్లో అట్లా వచ్చిన బండిలో ఇప్పుడు ఉల్లిపాయలు ఆరబోసుకుంటున్నారు. మంచి గాలి తగులుతుందంట.

అంటే తోఫాగా వచ్చిన సామాను, చూడ్డానికి బాగుంది కాబట్టి, కోరికల జాబితాలోకి ఎక్కింది. కువైట్ జీతంతో కొన్న వస్తువుని నెల్లూరు జీతంతో కొనమంటున్నాం. కొనాల్సింది కూడా ఎవరు? బిడ్డ తండ్రి కాదు, బిడ్డ తల్లిని కన్న తండ్రి.

ఇక్కడ కొంచెం ఆగి దీన్ ఏం చెప్తుందో చూద్దాం. ప్రతి చిన్నదానికీ ఖురాన్‌ని, హదీస్‌ని లాక్కొచ్చే అలవాటు నాకు లేదు, రోజూ చదివేవాళ్ళకి తెలుసు. కానీ ఇది చిన్నది కాదు. సూరా బఖరా 233వ ఆయత్ చూడండి. తల్లులు పిల్లలకి రెండేళ్ళు పూర్తిగా పాలివ్వడం గురించి చెప్పిన ఆయతే అది. ఆ పాలిచ్చే తల్లి తిండీ బట్టా ఎవరి జిమ్మా? బిడ్డ తండ్రి జిమ్మా. అది కూడా అతని తాకత్‌ని బట్టే, తాకత్‌ని మించి ఎవరి మీదా భారం లేదని అక్కడే ఉంది. బిడ్డ నఫఖా తండ్రిది. అఖీఖా మేక కొనడం తండ్రి బాధ్యత అని మనకి బాగా గుర్తుంటుంది, ఎందుకంటే అందులో దావత్ ఉంది, పదిమందిలో పేరుంది. మిగతా ఖర్చా దగ్గరికి వచ్చేసరికి 'మొదటి కాన్పు పుట్టింటివాళ్ళది' అంటాం. అది రివాజు. షరీఅత్ కాదు. ఈ రెండింటినీ కలిపి ముద్ద చేసి ఆడపిల్ల తండ్రికి తినిపిస్తున్నాం.

నానా నానీ ఇవ్వకూడదా? ఎందుకు ఇవ్వకూడదు, ఇవ్వకుండా మేం ఉండగలమా? మనవడో మనవరాలో పుడతారంటే నాకిప్పటి నుంచే చేతులు ఆగడం లేదు, పాత పంచెలు ఉతికి ఉతికి మెత్తగా చేసి పొత్తిగుడ్డలు చించి పెడుతున్నా. అది హదియా. హదియాకి ఫోటో పంపరు, ధర చెప్పరు, పెద్ద కోడలి వాళ్ళు పెట్టారని గుర్తు చెయ్యరు. తోఫాకీ ఫర్మాయిష్‌కీ తేడా తెలుసుకోడానికి నా దగ్గర ఒకటే పరీక్ష ఉంది: అది రాకపోతే అమ్మాయికి ఆ ఇంట్లో ఒక్క మాటైనా ఎక్కువ పడుతుందా? పడేట్టయితే అది తోఫా కాదు, ఎంత మంచి కాగితం చుట్టి ఇచ్చినా సరే.

చట్టం ఉంది కదా అంటారు. 1961లో వచ్చిన వరకట్న నిషేధ చట్టం పెళ్ళికి సంబంధించి ఇచ్చిపుచ్చుకునే వాటి గురించి మాట్లాడుతుంది. మన మెహర్‌ని అందులోంచి మినహాయించారు, అది సబబే, మెహర్ ఆడపిల్లకి వచ్చేది, ఆడపిల్ల ఇంటి నుంచి పొయ్యేది కాదు. అయితే 2001లో సత్వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. బిడ్డ పుట్టినప్పుడో, వేరే వేడుకలకో ఆచారంగా ఇచ్చేవి ఆ చట్టం చెప్పే కట్నం కిందకి రావు అని. కోడల్ని వేధిస్తే దానికి వేరే సెక్షన్లు ఉన్నాయి, అది వేరే సంగతి. కానీ 'మేమేం అనుకోంలే' అని నవ్వుతూ అడిగిన బండిని ఏ పోలీస్ స్టేషనూ ఆపదు. ఆపాల్సింది మన ఘైరత్ ఒక్కటే.

ఇంత ధైర్యంగా రాస్తున్నాను గానీ నా దామన్ కూడా ఏం తెల్లగా లేదు. ఆరేళ్ళ కింద మా పెద్దోడికి మొదటి బిడ్డ పుట్టినప్పుడు మా బహూ వాళ్ళు ఇత్తడి గొలుసుల ఝూలా, బీరువా నిండా బట్టలు, చాందీ గిన్నె పంపారు. నేను అడగలేదు. కానీ వద్దు అని కూడా అనలేదు. వచ్చిన చుట్టాలందరికీ ఝూలా చూపించాను, గొలుసులు మీటి వినిపించాను. ఏడాది తర్వాత మాటల్లో తెలిసింది, ఆ ఝూలా కోసం వాళ్ళు నగ తాకట్టు పెట్టారని. ఆ నగ మా బహూ వాళ్ళ అమ్మ చెవిది. నేను అడగకపోయినా వాళ్ళు పెట్టారంటే, అంతకు ముందు నేను ఎన్నిసార్లు ఎవరెవరి ఇంటి ఝూలాల గురించి బహూ వినేట్టు మాట్లాడానో అల్లాకే తెలుసు. ఇప్పుడు ఫోటో నా ఫోన్‌కి వచ్చింది. మా సమ్‌ధన్ మీద కోపం తెచ్చుకునే హక్కు నాకు సగమే ఉంది.

సరే, అయితే బండి వద్దంటావా అని అడగొచ్చు. వద్దనను. అసలు ఈ మాట చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

మా సమ్‌ధన్ ఫోటో పంపిన రాత్రి మా అబ్బాయి ఇంటర్నెట్‌లో చూసి ఈ బండి పుట్టుక చెప్పాడు. 1733 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో విలియం కెంట్ అనే ఆయన డెవన్‌షైర్ డ్యూక్ పిల్లల కోసం చేసిన బండిని మొదటిదిగా చెప్తారంట. దాన్ని మేకకో చిన్న గుర్రానికో కట్టి లాగించేవాళ్ళు. నవాబుల షోకు, అంతే. మన దిఖావా కథ అక్కడి నుంచే ఉందన్నమాట. నాకు నచ్చింది రెండో కథ. ఓవెన్ మెక్లారెన్ అని ఒక విమానాల ఇంజినీరు, యుద్ధ కాలంలో స్పిట్‌ఫైర్ విమానం చక్రాలు మడిచే భాగం మీద పనిచేసిన మనిషి. రిటైరయ్యాక ఆయన కూతురు మాస్కో నుంచి బిడ్డనీ, ఒక బరువైన ప్రామ్‌నీ మోసుకుంటూ ఇంటికొచ్చింది. ఆమె అవస్థ చూసి ఆయన 1965లో అల్యూమినియం గొట్టాలతో, గొడుగులాగా మడిచే బండి చేశాడు. బరువు మూడు కిలోల లోపు. ఒక చేత్తో బిడ్డ, ఒక చేత్తో బండి. ఈ రోజు ప్రపంచమంతా తిరిగే గొడుగు బండికి అదే మూలం.

చూశారా, ఆ బండి చేసింది ఒక నానా. కూతురి అత్తగారు అడిగితే కాదు, కూతురి చేతులు నొప్పి పుట్టడం చూసి. అందుకే అది తేలిగ్గా ఉంది.

నా ఫిక్ర్ కూడా కూతురి చేతుల గురించే. మన ఇళ్ళల్లో ఛిల్లా నలభై రోజులు బాలింతని కదలనివ్వం. మంచిదే, ఒళ్ళు కుదుటపడాలి. కానీ చాలా ఇళ్ళల్లో ఆ నలభై రోజులు నాలుగొందల రోజులవుతాయి. బిడ్డని ఎత్తుకుని ఎక్కడికి పోతావు, ఎండ, దుమ్ము, నజర్, అని కూర్చోబెడతారు. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం టీకాలకి పోవాలి, అప్పుడు మాత్రం ఆటో. మిగతా రోజులు నాలుగు గోడలు. ఆపరేషన్ కాన్పు అయిన పిల్లయితే బరువెత్తకూడదు, అయినా బిడ్డ ఆమె చంకలోనే. మగవాళ్ళు ఇషా అయ్యాక హోటల్ దగ్గర చాయ్ తాగుతా గంట నిలబడతారు, ఈమె కిటికీలోంచి గల్లీ చూస్తుంది. ఇట్లా మా అక్కచెల్లెళ్ళలో ఎంతమంది మనసు పాడైపోయిందో, దాన్ని ఆసేబ్ అని, జిన్ అని తావీజులు కట్టించారో నేను చూశాను. అసర్ తర్వాత ఎండ తగ్గాక అరగంట బయట తిరిగితే సగం ఆసేబులు దిగిపోతాయి. ఆ అరగంట కోసమైతే బండి కావాలి. ఆ బండిని నేను జాబితాలో కాదు, గుండెలో రాసుకుంటాను.

కాబట్టి బండి ఎంచుకునేటప్పుడు మొదటి ప్రశ్న రంగు కాదు, కంపెనీ కాదు. అది ఇంట్లోంచి బయటికి వస్తుందా? కొనకముందు టేపు తీసుకుని గుమ్మం వెడల్పు కొలవండి. మన పాత ఇళ్ళ తలుపులు రెండు రెక్కలవి, ఒక రెక్కకి గడియ బిగించి ఉంటుంది. పెద్ద బండ్లు అందులో పట్టవు. మేడ మీద ఉండేవాళ్ళయితే మెట్లు లెక్కపెట్టుకోండి, పన్నెండు కిలోల బండిని బిడ్డతో సహా దించేదెవరు? ఐదారు కిలోల మడత బండయితే ఆడమనిషి ఒంటి చేత్తో ఎత్తగలదు, ఆటో సీటు వెనక పడుతుంది, ఆర్టీసీ బస్సులో కాళ్ళ దగ్గర పెట్టుకోవచ్చు. దుకాణంలో సేల్స్‌మన్ మడిచి చూపిస్తే చాలదు. "నేను మడుస్తా, పక్కకి జరుగు బాబూ" అనండి. బిడ్డ వేలు పడే సందులు మడత దగ్గర ఎక్కడున్నాయో అప్పుడే తెలుస్తుంది.

గొడుగు బండికి ఒక ఐబ్ ఉంది, దాచకూడదు. చాలావాటిలో బిడ్డ పూర్తిగా వెల్లకిలా పడుకోలేదు, కూర్చున్నట్టు వంగి ఉంటుంది. మెడ నిలవని బిడ్డని అందులో వెయ్యకూడదు. తల ముందుకి వాలితే ఊపిరికి కష్టం. మొదటి నాలుగైదు నెలలకైతే వీపు పూర్తిగా చదునుగా పడేది తీసుకోవాలి, లేదా ఆ నెలలు చేతుల్లోనే ఎత్తుకుని, మెడ నిలిచాక గొడుగు బండి కొనాలి. నేను రెండోదే మేలంటాను. పుట్టక ముందే కొని దండలేసి పంపాల్సిన తొందర బిడ్డది కాదు, చుట్టాలది. బెల్టు ఐదు పట్టీలది ఉండాలి, రెండు భుజాలకి, నడుముకి రెండు వైపులా, కాళ్ళ మధ్యన ఒకటి. నడుముకి మాత్రమే ఉంటే బిడ్డ కిందికి జారుతుంది. బ్రేకు కాలితో నొక్కి, బండిని వాలు మీద పెట్టి చూడండి. అందులో దిండు పెట్టకండి, ఆవాల దిండైనా సరే. తల గుండ్రంగా రావాలని మన పెద్దవాళ్ళు రాయి తకియా పెట్టేవాళ్ళు, నాకూ పెట్టారు, నా తల అయినా గుండ్రంగా లేదు. పసిబిడ్డ పడుకునే చోట దిండూ మెత్తటి పరుపూ వద్దని ఇప్పుడు డాక్టర్లు గట్టిగా చెప్తున్నారు. బండిలో నిద్రపోయిన బిడ్డని ఇంటికి రాగానే చదునైన గట్టి పక్క మీదికి మార్చాలి.

మన తీరానికి ఇంకో రెండు బాధలున్నాయి. ఒకటి ఉప్పుగాలి. మైపాడు, కోడూరు, కృష్ణపట్నం వైపు ఇళ్ళున్నవాళ్ళకి తెలుసు, కిటికీ చువ్వలు రెండేళ్ళకే పొరలు లేస్తాయి. ఇనుప గొట్టాల బండికి స్ప్రింగులు, మరలు ముందు తుప్పు పడతాయి, తర్వాత మడత బిగుసుకుపోతుంది. అల్యూమినియం చట్రం చూసుకోండి. సముద్రం దగ్గరికి పోయొస్తే మంచినీళ్ళ తడిగుడ్డతో చక్రాల ఇరుసులు తుడవండి. ఇసుకలో మాత్రం ఏ బండీ పోదు. నెల్లూరు నుంచి సుమారు పాతిక కిలోమీటర్లు మైపాడుకి పోయి, బండి దించి, నాలుగు అడుగులు తోసి, ముందు చక్రాలు కూరుకుపోయాక బిడ్డని చంకనేసుకుని బండిని నెత్తిన పెట్టుకున్న దామాద్‌లని ఎంతమందినో చూశాను. పెద్ద చక్రాలు కొంచెం నయం, అది కూడా తడి ఇసుక మీదే.

రెండోది ఎండ. ఇది ధ్యాసగా చదవండి. బిడ్డకి నజర్ తగులుతుందని, ఎండ పడుతుందని, ఓఢ్నీ తీసి బండి మొత్తం కప్పేస్తాం. పైకి నీడగా ఉంటుంది, లోపల గాలి ఆడదు, తందూర్ అవుతుంది. సిడ్నీ యూనివర్సిటీ వాళ్ళు 2023లో దీన్ని కొలిచి చూపించారు. పల్చటి పొడి మస్లిన్ గుడ్డ కప్పినా లోపల వేడి పెరిగింది. గుడ్డ తడిపి, చిన్న ఫ్యాన్ పెడితే తగ్గింది. మన రోహిణి కార్తె ఎండలకి ఆ తడిగుడ్డ మీద నమ్మకం పెట్టుకోవద్దు, పొద్దున ఫజర్ తర్వాత, సాయంత్రం అసర్ తర్వాత, అప్పుడే బయటికి తియ్యండి. గొడుగు పెద్దదిగా, వెనక జాలీ ఉన్న బండి తీసుకోండి. నజర్‌కి మాషాఅల్లాహ్ అనండి, దువా చదివి ఊదండి. ఓఢ్నీ మీ తల మీదే ఉండనివ్వండి.

వాకరు గురించి ఒక ముక్క. బండి కాదులే వాకరన్నా పంపండి అనేవాళ్ళున్నారు. చక్రాల వాకర్ని కెనడా 2004లోనే నిషేధించింది. మెట్ల మీంచి, గడపల మీంచి పిల్లలు పడి తలలు పగలగొట్టుకుంటున్నారని. నడక తొందరగా రావడం అటుంచి, ఆలస్యం కావొచ్చు కూడా. మన గడపలు ఎంతెత్తున ఉంటాయో మీకు తెలుసు. ఎవరైనా తెస్తే థాంక్యూ చెప్పి అటక మీద పెట్టండి.

ధరల సంగతి. మామూలు మడత బండి మూడు వేల నుంచి ఆరు వేల లోపు దొరుకుతుంది. పెద్దవి పది, పదిహేను వేలు, కారు సీటు కలిసినవి ఇంకా పైన. పాత బండి తీసుకోవడం నామోషీ కాదు. పిల్లలు ఏడాదిన్నర కంటే ఎక్కువ అందులో కూర్చోరు, అందుకే సగం బండ్లు కొత్తవిగానే పాతబడతాయి. చట్రం వంకర లేకుండా, బ్రేకు, బెల్టు గట్టిగా ఉంటే, గుడ్డ ఉతికి ఎండేస్తే సరిపోతుంది. అవసరం లేని డబ్బు తగలెయ్యడాన్ని దీన్ ఏమంటుందో మళ్ళీ నేను చెప్పక్కర్లేదు, ఇస్రాఫ్ మీద ప్రతి జుమ్మాకీ బయాన్ వింటూనే ఉన్నాం.

ఇక తోసేదెవరు అన్నది. నాకు ఇదే అసలు మాట. మా గల్లీలో మగవాడు బిడ్డని భుజాన ఎక్కించుకుంటే ముద్దుగా చూస్తారు. మొహర్రంలో రొట్టెల పండగకి బారా షహీద్ దర్గాకి రండి, స్వర్ణాల చెరువు దగ్గర చూడండి. పోయినేడు సంతానం రొట్టె పట్టుకున్న జంటలు ఈ ఏడు బిడ్డనెత్తుకుని రొట్టె ఇవ్వడానికి వస్తారు. దర్గాల విషయంలో మనలో ఇఖ్తిలాఫ్ ఉంది, ఆ బహస్ ఇప్పుడొద్దు. నేను చెప్పేది ఆ నీళ్ళల్లో నిలబడ్డ అబ్బాల గురించి. మోకాళ్ళ లోతు నీళ్ళు, ఒక చేతిలో రొట్టె, భుజం మీద బిడ్డ, ఆ మొహాల్లో నూర్ చూడాలి. అదే మనిషిని గల్లీలో బండి తొయ్యమంటే "జోరూకా గులామ్ అంటారు" అని సిగ్గుపడతాడు. భుజానికి లేని సిగ్గు చేతులకెందుకు?

మన నబీ సల్లల్లాహు అలైహి వసల్లం నమాజ్‌లో మనవరాలు ఉమామాని ఎత్తుకున్నారు. సజ్దాకి పోయేటప్పుడు దించారు, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకున్నారు. బుఖారీలో, ముస్లింలో ఉన్న హదీస్ ఇది. ఉమామా ఆయన కూతురు జైనబ్ బిడ్డ. అంటే ఆయన అక్కడ నానా. అంత మంది సహాబాల ముందు, అంత పెద్ద ఇబాదత్‌లో బిడ్డ బరువు ఆయనకి నామోషీ కాలేదు. మనకి కూరగాయల మార్కెట్ ముందు నామోషీ.

మా ఇంట్లో ఏమైందో చెప్పి ముగిస్తాను. మా సమ్‌ధన్‌కి నేను జవాబు రాయలేదు. మా చిన్నది వాళ్ళాయనతో మాట్లాడుకుంది, ఏం మాట్లాడుకుందో నేను అడగలేదు, గది తలుపేసుకుని గంటసేపు. కొంచెం ఏడుపు కూడా వినిపించింది. తెల్లారి మా దామాద్ నాకు ఫోన్ చేశాడు. "అమ్మీ, బండి నా బిడ్డకి నేను కొంటా. మీరు ఝూలా మాత్రం మీ చేత్తో కట్టండి" అన్నాడు. వాళ్ళమ్మకి ఏం చెప్పుకున్నాడో గానీ ఆమె వారం రోజులుగా ఫోన్ చెయ్యలేదు. మొన్న జుమ్మాకి చేసి, అమ్మాయి కాళ్ళు వాచినాయా అని మాత్రం అడిగారు. బండి మాట రాలేదు. ఫర్వాలేదు, రావడానికి ఇంకా రెండు నెలలు టైముంది.

నిన్న ఆదివారం అబ్బాయి వచ్చాడు, తన దోస్తు ఇంట్లో వాడి పక్కన పెట్టేసిన బండి పట్టుకుని. మూడు వేల రెండొందలు ఇచ్చాడంట. అందులో ఐదు కిలోల బియ్యం సంచి పడుకోబెట్టి, ఐదు పట్టీలూ బిగించి, గల్లీలో ఈ చివర నుంచి ఆ చివరకి తోశాడు. వెనక పిలకాయల ఊరేగింపు. కాలవ మీద బండ పగిలిన చోట ముందు చక్రం ఇరుక్కుంది. మా ఎదురింటి చాచా కుర్చీలోంచి లేచి "ఎత్తవయ్యా, ముందు ఎత్తు, తర్వాత తొయ్యి" అని నేర్పించాడు. మా ఆయన ఇంట్లోంచి టేపు తెచ్చి గుమ్మం కొలిచారు. ఇరవై ఏడు అంగుళాలు. బండి ఇరవై. రేపు మున్సిపాలిటీకి అర్జీ రాస్తానని కూర్చున్నారు, ఆ కాలవ బండ గురించి.